విదేశంలో ఉండగా స్వదేశపు బ్యాంకు నుంచి పెద్ద మొత్తం నగదు ఎలా తీసుకోవాలి?

ముందుగా మీ ప్రశ్న క్లుప్తంగా: కొన్ని నెలలుగా విదేశంలో ఉంటున్నారు, సొమ్మంతా స్వదేశపు బ్యాంకులో ఉంది. పాత కారు కొనడానికి, ఇంటి అడ్వాన్సుకు కలిపి పది రోజుల్లో సుమారు 20,000 డాలర్లకు సమానమైన నగదు కావాలి. ఏటీఎం రోజుకు 500 మించి ఇవ్వడం లేదు. ఒకేసారి తీసుకునే దారి ఉందా, క్రెడిట్ కార్డులో ముందే డబ్బు జమచేసి దాన్నుంచి లాగొచ్చా అని అడిగారు.

సూటిగా జవాబు: కార్డుతో ఆ మొత్తం లాగే ప్రయత్నం మానండి. మీరున్న దేశంలోనే మీ పేరు మీద ఒక బ్యాంకు ఖాతా ఉండాలి. స్వదేశం నుంచి దానికి వైర్ ట్రాన్స్‌ఫర్ (ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో బ్యాంకు ఖాతాకు నేరుగా డబ్బు పంపడం) చేయించుకుని, బ్రాంచికి ముందే చెప్పి, కౌంటర్లో నగదు తీసుకోండి. సరిహద్దు దాటాల్సింది ఖాతాలోని అంకె మాత్రమే. అది నోట్లుగా మారడం చిట్టచివరి పని, అదీ స్థానిక బ్యాంకు దగ్గర. ఖాతా ఇప్పటికే ఉంటే పది రోజులు సరిపోతాయి. లేకపోతే ఇవాళే ఆ పని మొదలుపెట్టాలి.

చాలామంది ముందు వెతికేది తమ బ్యాంకుకు ఆ దేశంలో బ్రాంచి ఉందా అని. ఉన్నా పెద్దగా ఉపయోగపడదు. బోర్డు మీద పేరు ఒకటే అయినా, విదేశంలోని ఆ సంస్థ సాధారణంగా వేరే లైసెన్సుతో, వేరే కంప్యూటర్ వ్యవస్థతో నడిచే వేరే బ్యాంకు. అక్కడి క్యాషియరుకు మీ స్వదేశపు ఖాతా తెర మీద కనిపించదు, కనిపించినా దాని మీద చెల్లించే అధికారం ఉండదు. వాళ్లు మీకు సాయపడగలిగేది ఒక్క విషయంలో: కొన్ని పెద్ద బ్యాంకులు స్వదేశంలో పాత ఖాతాదారులైతే విదేశంలో కొత్త ఖాతా తెరవడాన్ని కాస్త సులభం చేస్తాయి. ఆ సౌకర్యం ఉందేమో అడగండి.

ఏటీఎం ఎందుకు కుదరదు

రోజుకు 500 చొప్పున 20,000 రావాలంటే 40 రోజులు పడుతుంది. పరిమితి పెంచమని మీ బ్యాంకును అడగొచ్చు, తాత్కాలికంగా పెంచుతారు కూడా. కానీ అడ్డొచ్చే పరిమితి అదొక్కటే కాదు. మీ బ్యాంకు పెట్టిన రోజువారీ మొత్తం ఒకటి, రోజుకు ఇన్నిసార్లే అన్న లెక్క ఇంకొకటి, ఆ ఏటీఎం యజమాని ఒక్కో లావాదేవీకి పెట్టుకున్న గరిష్ఠం మూడోది. వీటన్నిటి వెనక యంత్రం పరిమితి కూడా ఉంది: చాలా యంత్రాలు ఒక్కసారికి 40 నోట్ల దగ్గర ఆగిపోతాయి. లోపల 20 విలువ గల నోట్లే పెట్టి ఉంటే 800 మించి బయటికి రాదు, మీ బ్యాంకు ఎంత పెంచినా సరే. మీ బ్యాంకు పరిమితి పెంచాక కూడా యంత్రం తిరస్కరిస్తే, ఇంకొంచెం తక్కువ మొత్తం కొట్టి చూడండి. లేదా వేరే బ్యాంకు యంత్రానికి వెళ్లండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. రోజువారీ పరిమితి తిరిగి సున్నా నుంచి మొదలయ్యేది మీరున్న చోట అర్ధరాత్రికి కాదు, చాలా బ్యాంకుల్లో స్వదేశపు గడియారం ప్రకారం. పొద్దున్నే వెళ్లి "నిన్నటి లెక్క ఇంకా నడుస్తోంది" అన్న తిరస్కారం చూసి కార్డు పాడైందనుకుంటారు.

వరసగా నాలుగైదు రోజులు గరిష్ఠ మొత్తం లాగితే మీ బ్యాంకులోని మోసాల నిఘా వ్యవస్థ కార్డును ఆపేసే అవకాశం ఎక్కువ. దొంగ చేసే పని కూడా సరిగ్గా అలాగే ఉంటుంది మరి. ఆపాక తెరిపించుకోవాలంటే ఓటీపీ కావాలి, ఓటీపీ స్వదేశపు సిమ్‌కు వస్తుంది, ఆ సిమ్ రోమింగ్ లేకుండా డ్రాయర్లో పడి ఉంటుంది. అందుకే ఏ పద్ధతి ఎంచుకున్నా మొదటి పని ఆ సిమ్‌ను బతికించుకోవడం. ఎస్ఎంఎస్ అందుతోందో లేదో చిన్న లావాదేవీతో పరీక్షించండి. బ్యాంకు యాప్‌లోనే ఆమోదం ఇచ్చే పద్ధతి ఉంటే దానికి మారండి.

చిన్న ఖర్చులకు ఏటీఎం వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. యంత్రం "మీ సొంత కరెన్సీలో లెక్కగట్టమంటారా?" అని అడిగితే వద్దనండి, స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. ఆ మార్పిడి రేటు ఏటీఎం యజమాని నిర్ణయించేది, దాదాపు ఎప్పుడూ మీ కార్డు రేటు కన్నా ఖరీదే. రెండోది, నోట్లు రాకుండానే ఖాతాలో కోత పడితే యంత్రం నంబరు, చోటు, సమయం రాసిపెట్టుకుని కార్డు ఇచ్చిన మీ బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. ఏటీఎం పెట్టిన బ్యాంకు దగ్గరికి వెళితే మీరు వాళ్ల ఖాతాదారు కాదంటూ పంపేస్తారు. యంత్రం లాగ్‌తో సరిపోల్చి డబ్బు తిరిగి వేయించే దారి కార్డు నెట్‌వర్క్ ద్వారా మీ బ్యాంకుకే ఉంటుంది.

వైర్ ట్రాన్స్‌ఫర్: ఆలస్యం ఎక్కడ జరుగుతుంది

అసలు పని ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కావలసినవి: మీ పేరు రెండు చోట్లా ఒకేలా ఉండటం, ఖాతా నంబరు లేదా ఐబాన్ (దేశం గుర్తుతో ఉండే అంతర్జాతీయ ఖాతా నంబరు), బ్యాంకు స్విఫ్ట్ కోడ్ (అంతర్జాతీయ పంపకాల్లో బ్యాంకును గుర్తించే కోడ్), బ్రాంచి చిరునామా, డబ్బు పంపే కారణం. స్విఫ్ట్ కోడ్‌లో 8 గాని 11 గాని అక్షరాలుంటాయి. చివరి 3 బ్రాంచిని సూచిస్తాయి, అవి లేకపోతే డబ్బు ప్రధాన కార్యాలయం ద్వారా వెళుతుంది. ఐబాన్ ఐరోపాలోనూ మరికొన్ని దేశాల్లోనూ వాడతారు. మొదటి 2 అక్షరాలు దేశానివి, తర్వాతి 2 అంకెలు తనిఖీ కోసం. ఆ తనిఖీ అంకెల వల్లే ఒక అంకె తప్పు కొడితే వ్యవస్థ అక్కడికక్కడే పట్టేస్తుంది. అమెరికాలో ఐబాన్ లేదు, అక్కడ ఖాతా నంబరుతో పాటు బ్యాంకును గుర్తించే 9 అంకెల రూటింగ్ నంబరు ఇస్తారు. ఒకే బ్యాంకులో వైర్లకు ఒక రూటింగ్ నంబరు, మామూలు జమలకు ఇంకొకటి ఉండొచ్చు. చెక్కు మీద చూసి రాయకండి, వైర్లకు ఏదో అడిగి తీసుకోండి.

పేరు దగ్గరే ఎక్కువ వైర్లు ఇరుక్కుంటాయి. స్వదేశపు ఖాతాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, విదేశీ ఖాతా పాస్‌పోర్టు చూసి తెరుస్తారు. ఇద్దరూ ఒకరేనా అని అందుకున్న బ్యాంకు ప్రశ్నిస్తుంది, డబ్బు కొన్ని రోజులు గాల్లో ఉంటుంది. పంపేటప్పుడు లబ్ధిదారు పేరు విదేశీ ఖాతాలో ఉన్నట్టే రాయండి. పాస్‌పోర్టు కాపీ, స్వదేశపు ఖాతా స్టేట్‌మెంటు సిద్ధంగా పెట్టుకోండి.

ఛార్జీల విషయంలో మూడు ఎంపికలుంటాయి. ఓయూఆర్ అంటే ఖర్చంతా పంపేవారిది, ఎస్‌హెచ్ఏ అంటే ఇద్దరూ పంచుకోవడం, బీఈఎన్ అంటే అందుకునేవారిది. ఎస్‌హెచ్ఏ పెడితే మధ్యలో ఉండి డబ్బును ముందుకు పంపే కరెస్పాండెంట్ బ్యాంకులు తమ రుసుమును పంపిన మొత్తంలోంచే తీసుకుంటాయి. పంపింది 20,000 అయితే చేరేది ఖచ్చితంగా 20,000 కాదు. పూర్తి మొత్తం కావలసి ఉంటే ఓయూఆర్ అడగండి, దానికి తోడు కాస్త ఎక్కువే పంపండి.

రుసుము గురించి బేరమాడేవాళ్లు మారకపు రేటును వదిలేస్తారు. అసలు ఖర్చు ఉండేది అక్కడే. మార్కెట్ మధ్య రేటుకూ (కొనే, అమ్మే రేట్ల సగటు) బ్యాంకు ఇచ్చే రేటుకూ 1 శాతం తేడా ఉంటే 20,000 మీద 200 పోయినట్టే. 3 శాతమైతే 600. పెద్ద మొత్తానికి బ్రాంచి మేనేజరునో రిలేషన్‌షిప్ మేనేజరునో అడిగితే రేటు తగ్గించే వీలుంటుంది, అడగకుండా ఎవరూ ఇవ్వరు. కరెన్సీ మార్పిడి ఒక్కసారే జరిగేలా చూడండి. మీ కరెన్సీ నుంచి డాలరుకు, డాలరు నుంచి స్థానిక కరెన్సీకి రెండుసార్లు మారితే రెండుసార్లూ ఆ తేడా (మార్జిన్) పోతుంది. ఆన్‌లైన్ ట్రాన్స్‌ఫర్ సంస్థలు బ్యాంకు కన్నా మంచి రేటు ఇవ్వడం మామూలే. వాటికి మీ దేశంలో అనుమతి ఉండి, ఇంత మొత్తానికి పరిమితి సరిపోతే వాడండి. కాకపోతే వాటి దగ్గర నగదు కౌంటర్లు ఉండవు, చివరికి మీ స్థానిక బ్యాంకు ఖాతాకే చేరాలి.

విదేశాలకు పంపడానికి మీ దేశంలో ఏడాదికి ఇంత అనే పరిమితి, ముందస్తు పన్ను కోత, ఫారాలు ఉండొచ్చు. అవి తప్పించుకునేవి కావు, ముందే కనుక్కోవాల్సినవి. నెట్ బ్యాంకింగ్‌లో కొత్త లబ్ధిదారును చేర్చాక కొన్ని గంటలో ఒక రోజో పెద్ద మొత్తం పంపనివ్వకపోవడం కూడా మామూలే. అందుకే మొదటి రోజే లబ్ధిదారును చేర్చి, 100 లాంటి చిన్న మొత్తం ముందు పంపండి. అది చేరిందంటే పేరు, నంబరు, దారి మూడూ సరిగా ఉన్నట్టే. ఆ తర్వాతే పెద్ద మొత్తం.

సాధారణంగా 1 నుంచి 5 పనిదినాలు పడుతుంది. పనిదినం అన్నది మూడు చోట్లా లెక్క: పంపే దేశం, అందుకునే దేశం, ఆ కరెన్సీ ఏ దేశానిదైతే ఆ దేశం. డాలర్లలో పంపితే అమెరికా సెలవు కూడా మీకు సెలవే. మధ్యాహ్నం కట్-ఆఫ్ (ఆ రోజు పంపకాలకు ఆఖరి గడువు) దాటాక ఇస్తే మర్నాటి లెక్కలో పడుతుంది. ఆలస్యమైతే "డబ్బు వెళ్లిపోయింది" అన్న మాటతో తృప్తిపడకండి. ఆ పంపకాన్ని గుర్తించే 36 అక్షరాల యూఈటీఆర్ నంబరు అడగండి. దానితో ప్రస్తుతం ఏ బ్యాంకు దగ్గర ఆగిందో మీ బ్యాంకు చూడగలదు. ఎంటీ103 (బ్యాంకులు ఒకదానికొకటి పంపుకునే వైర్ సందేశం) కాపీ అని అడిగితే సిబ్బందికి అర్థమవుతుంది. 2025 నవంబరు నుంచి బ్యాంకుల మధ్య అసలు సందేశం పాక్స్.008 అనే కొత్త రూపంలో వెళుతున్నా, పాత పేరు ఇంకా వాడుకలోనే ఉంది.

కౌంటర్లో నోట్లు తీసుకోవడం

ఖాతాలో పడగానే బ్రాంచికి పరుగెత్తితే ఇంత నగదు లేదంటారు. భద్రత, బీమా కారణాలతో బ్రాంచీలు తక్కువ నగదే ఉంచుకుంటాయి. కొన్ని దేశాల్లో నగదే లేని బ్రాంచీలు కూడా ఉన్నాయి, స్వీడన్ అందుకు ప్రసిద్ధం. 2 నుంచి 5 పనిదినాల ముందు ఏ బ్రాంచిలో, ఎంత, ఏ నోట్లలో కావాలో చెప్పి ఆర్డరు పెట్టండి. వైర్ దారిలో ఉండగానే ఈ మాట అడిగేయండి, ఆ రోజులు కలిసొస్తాయి.

మరీ పెద్ద నోట్లు అడగకండి. 500 యూరోల నోటు 2019లో జారీ ఆపేశారు. చెల్లుతుంది గాని చాలామంది తీసుకోరు. అందుకునేవారికి ఏ నోట్లు సమ్మతమో ముందే అడగడం మేలు. లెక్కింపు లోపలి గదిలో చేయించమనండి, కౌంటరు వదలకముందే యంత్రం మీద రెండోసారి పెట్టించండి, విత్‌డ్రా స్లిప్ భద్రపరచండి. రేపు మిగిలిన నగదు తిరిగి జమచేయాలన్నా ఎక్కడిదో చెప్పే కాగితం అదే.

పెద్ద నగదు తీసుకుంటే బ్యాంకు ప్రభుత్వానికి నివేదిక పంపొచ్చు. అమెరికాలో 10,000 డాలర్లు దాటిన ప్రతి నగదు లావాదేవీకీ పంపుతారు. అది ఆరోపణ కాదు, మామూలు కాగితం పని. దాన్ని తప్పించుకోవడానికి 9,000 చొప్పున ముక్కలు చేసి తీయడం మాత్రం అమెరికాలో దానికదే నేరం, డబ్బు ఎంత నిజాయితీదైనా. ఇలా ముక్కలు చేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది కనిపిస్తారు. వినకండి.

ఇంకా ముందే తేల్చుకోవాల్సింది, అంత నగదు చెల్లించడం ఆ దేశంలో చట్టబద్ధమేనా అన్నది. ఇటలీలో 2023 నుంచి 5,000 యూరోలు, అంతకు మించి నగదు చెల్లింపు కుదరదు. స్పెయిన్‌లో ఒకవైపు వ్యాపారి ఉంటే పరిమితి 1,000 యూరోలు, ఆ దేశంలో నివాసం లేని వ్యక్తులకు 10,000. యూరోపియన్ యూనియన్ అంతటా వ్యాపార లావాదేవీలకు 10,000 యూరోల పరిమితి 2027 జూలై నుంచి వస్తుంది. అమ్మేవాడు ఒప్పుకున్నంత మాత్రాన చట్టం ఒప్పుకున్నట్టు కాదు. నిజం చెప్పాలంటే కారుకు, అడ్వాన్సుకు ఇంత నగదు అవసరం పడే సందర్భాలు తక్కువ. స్థానిక ఖాతా నుంచి స్థానిక ట్రాన్స్‌ఫర్ చాలా దేశాల్లో అదే రోజు చేరుతుంది. లేదా బ్యాంకే జారీచేసే డ్రాఫ్టు ఇవ్వొచ్చు. నగదే కావాలని పట్టుబట్టే ఇంటి యజమానిని కాస్త అనుమానంగానే చూస్తాను.

ఖాతా తెరవలేకపోతే

వీసా, మాస్టర్‌కార్డు మీద కొన్ని బ్యాంకులు కౌంటర్లో నగదు ఇస్తాయి. పాస్‌పోర్టు, చిప్ కార్డు, పిన్ తీసుకెళ్లాలి. ఏటీఎం యజమాని పెట్టిన గరిష్ఠం దీనికి వర్తించదు, కౌంటరు పరిమితిని మీ బ్యాంకు విడిగా పెట్టి ఉండొచ్చు. ముందు మీ బ్యాంకుకు ఫోన్ చేసి, ఫలానా రోజు, ఫలానా దేశంలో, కౌంటర్లో ఇంత తీసుకుంటానని చెప్పి పెంచమనండి. అన్ని బ్రాంచీలూ ఇవ్వవు, మా ఖాతాదారులకే అనేవి చాలా ఉన్నాయి. రెండు మూడు చోట్ల ఫోన్లో కనుక్కుని వెళ్లండి.

వెస్టర్న్ యూనియన్, మనీగ్రామ్ లాంటి వాటి ద్వారా ఇంట్లోవాళ్లు పంపితే మీ గుర్తింపు కార్డు చూపి నగదు తీసుకోవచ్చు. వేగం ఉంది, రేటు మాత్రం ఖరీదు. ఒక్కో పంపకానికి పరిమితి ఉంటుంది. చిన్న ఏజెంటు గల్లాలో కొన్ని వేలు కూడా ఉండకపోవచ్చు, పెద్ద కేంద్రానికి ముందే ఫోన్ చేయండి. వెస్టర్న్ యూనియన్ 10 అంకెల నంబరు గాని రసీదు గాని ఎవరికీ చూపకండి. "డబ్బు ఉందని రుజువుగా మీ స్నేహితుడి పేరు మీద పంపి రసీదు ఫొటో పెట్టండి" అని అద్దె ఇంటి యజమాని అడిగితే అది మోసమే. ఆ ఫొటోలోని వివరాలతో, దొంగ గుర్తింపు కార్డుతో డబ్బు వాళ్లే తీసుకుపోతారు.

"మీరు స్వదేశంలో మా ఖాతాలో వేయండి, ఇక్కడ నేను నగదు ఇస్తాను" అనే అపరిచితులు ఎదురైతే దూరంగా ఉండండి. రేటు ఆకర్షణీయంగా ఉంటుంది. చాలా దేశాల్లో అది లైసెన్సు లేని హవాలా. ఆ నగదు ఎక్కడి నేరం నుంచి వచ్చిందో మీకు తెలియదు, నోట్లు దొంగవి కావొచ్చు, దర్యాప్తు మొదలైతే స్తంభించేది మీ ఖాతా.

స్వదేశం నుంచి ఎవరైనా నగదు మోసుకొస్తే? కుదురుతుంది గాని కస్టమ్స్ దగ్గర ప్రకటించాలి. అమెరికాలో 10,000 డాలర్లు దాటితే, కలిసి ప్రయాణించే కుటుంబానికంతా కలిపి లెక్క. యూరోపియన్ యూనియన్ సరిహద్దులో 10,000 యూరోలు ఉన్నా చాలు, ప్రకటించాల్సిందే. ప్రకటిస్తే పన్ను పడదు, ప్రకటించకపోతే డబ్బు జప్తు కావొచ్చు. బయలుదేరే దేశం నుంచి ఎంత తీసుకెళ్లొచ్చన్నది మరో నిబంధన, అదీ చూసుకోవాలి. ట్రావెలర్స్ చెక్కుల సంగతి కూడా కొందరు అడుగుతుంటారు. వాటిని మార్చి ఇచ్చే చోటు ఇప్పుడు దొరకడమే కష్టం.

క్రెడిట్ కార్డులో ముందే డబ్బు వేస్తే

వడ్డీ భారం తగ్గొచ్చు, మిగతావి తగ్గవు. క్రెడిట్ కార్డు మీద నగదు తీస్తే వడ్డీ బిల్లు తేదీ నుంచి కాదు, తీసిన రోజు నుంచే మొదలవుతుంది. ఖాతాలో మీ సొమ్ము మిగులుగా ఉంటే ఆ వడ్డీ పడకపోవచ్చు. కానీ నగదు అడ్వాన్సు రుసుము, విదేశీ కరెన్సీ మార్జిన్ మిగులు ఉన్నా లేకపోయినా కోస్తారు. పైగా నగదుకు విడి పరిమితి ఉంటుంది, అది మొత్తం క్రెడిట్ పరిమితిలో ఒక భాగమే. మీరు 20,000 అదనంగా వేసినంత మాత్రాన ఆ నగదు పరిమితి పెరగదు. పరిమితికి మించి జమచేస్తే కొన్ని బ్యాంకులు అనుమానంతో కార్డును ఆపేస్తాయి, లేదా మిగులును మీకే తిప్పి పంపుతాయి. అప్పుడు ఉన్న పది రోజుల్లో నాలుగు రోజులు కస్టమర్ కేర్ ఫోన్లోనే గడిచిపోతాయి.